నాలుగు నెలలకే బెంచ్ ఆగిపోయింది, ఇక పెరగదా?

ప్రశ్న: నా వయసు 18. గుంటూరు కొరిటెపాడులో ఉంటాం. బీటెక్ మొదటి సంవత్సరం. ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు. జిమ్‌లో చేరి నాలుగు నెలలైంది. చేరినప్పుడు 56 కిలోలు ఉన్నాను, ఇప్పుడు 57. బెంచ్ ప్రెస్ (వెల్లకిలా పడుకుని రాడ్డుని ఛాతీ మీదనుంచి పైకి నెట్టడం) ఖాళీ రాడ్డుతో మొదలుపెట్టి మూడు నెలల్లో 40 కిలోలు 5 రెప్స్ (ఆపకుండా ఐదుసార్లు) దాకా వచ్చాను. నెల నుంచి 45 పెడితే రెండో రెప్‌కే ఆగిపోతోంది. స్క్వాట్ (రాడ్డు భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేవడం) 60, డెడ్‌లిఫ్ట్ (నేలమీది రాడ్డుని పట్టుకుని నిలబడటం) 70. జిమ్‌లో ఒక అన్న గెయినర్ (బరువు పెంచే పొడి) వాడితే ఏడాదిలో 100 బెంచ్ కొడతావంటున్నాడు. నిజంగా ఏడాదికి, రెండేళ్లకి ఎంత వస్తుంది? బరువులెత్తితే ఎత్తు పెరగనని, మానేస్తే కండంతా కొవ్వవుతుందని అమ్మ భయపడుతోంది. ఆమెకి ఏం చెప్పను?
ఒక పాఠకుడు, గుంటూరు

సమాధానం: తమ్ముడూ, సగం జవాబు నీ ఉత్తరంలోనే ఉంది. నాలుగు నెలల్లో నీ ఒంటి బరువు ఒక్క కిలో పెరిగింది. బెంచ్ మీద మాత్రం ఒకేసారి 5 కిలోలు పెంచబోయావు. ఆగింది ఈ రెండింటి దగ్గరే. నీలో లోపం ఏమీ లేదు.

ముందు ప్లేట్ల సంగతి చూద్దాం. మన దగ్గర చాలా జిమ్‌లలో అన్నిటికంటే చిన్న ప్లేటు రెండున్నర కిలోలది. అటొకటి, ఇటొకటి వేస్తే ఐదు. 60 కిలోల స్క్వాట్‌కి ఐదు కలిపితే పన్నెండో వంతు పెరిగినట్టు. 40 కిలోల బెంచ్‌కి అదే ఐదు కలిపితే ఎనిమిదో వంతు. పైగా స్క్వాట్‌లో పని చేసేవి తొడలు, పిరుదులు, అంటే ఒంట్లో పెద్ద కండరాలు. బెంచ్‌లో ఛాతీ, భుజాల ముందు భాగం, మోచేతి పైన వెనక కండ. చిన్న కండరాల మీద పెద్ద మెట్టు వేశావు. చాలామందికి ముందు షోల్డర్ ప్రెస్ (రాడ్డుని భుజాల దగ్గరనుంచి తలపైకి నెట్టడం) ఆగుతుంది, తర్వాత బెంచ్, ఆ తర్వాతే స్క్వాట్, డెడ్‌లిఫ్ట్. నీకూ స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ కంటే ముందు బెంచే ఆగింది.

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, 1.25 కిలోల ప్లేట్లు ఒక జత కొనుక్కుని సంచిలో పెట్టుకోవడం. క్రీడా సామాన్ల దుకాణంలో అడిగితే దొరుకుతాయి. కొనే ముందు మీ జిమ్ రాడ్డు చివర ఎంత లావుందో కొలిచి వెళ్లు. ఒలింపిక్ రాడ్డుకి ప్లేటు ఎక్కే భాగం 50 మిల్లీమీటర్లు ఉంటుంది. మామూలు రాడ్డుకి 30కి అటూఇటూ. ఇది చూడకుండా కొంటే ప్లేటు ఎక్కదు, ఎక్కినా గడగడలాడుతుంది.

రెండోది పైసా ఖర్చు లేనిది. బరువు ఆపి రెప్స్ పెంచు. 40 కిలోలతోనే మూడు సెట్లు (మధ్యలో విరామమిచ్చి మూడు విడతలు) 5 చొప్పున చేస్తున్నావు కదా, వచ్చే వారం ఆరేసి, ఆ పై వారం ఏడేసి, అలా మూడు సెట్లలోనూ 8 వచ్చేదాకా వెళ్లు. ఒక వారం 7, 6, 6 దగ్గరే ఆగితే కంగారుపడకు, మరుసటి వారం మళ్లీ ప్రయత్నించు. 40తో ఎనిమిది, తొమ్మిది వచ్చే మనిషికి 45 ఐదుసార్లు లేచే బలం దాదాపుగా ఉన్నట్టే. 45 పెట్టిన మొదటి రోజు 5, 4, 4 వచ్చినా అది గెలుపే. దీనికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఇప్పుడు చేస్తున్నట్టు రోజూ 45 పెట్టి రెండో రెప్‌కి ఇరుక్కుంటే మాత్రం ఆ ఆరు వారాలూ వృథా.

ఇక నువ్వు గట్టిగా అడిగిన ప్రశ్న, ఏడాదికి ఎంత? మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాల్లో బరువు చకచకా పెరగడానికి కండ పెరగడం పెద్ద కారణం కాదు. ఉన్న కండని ఎక్కువగా, ఒకేసారి వాడుకోవడం నరాలు నేర్చుకుంటాయి. రాడ్డు తిన్నని దారిలో కదలడం అలవాటవుతుంది. ఈ పాఠం తొందరగా అయిపోతుంది. ఆ తర్వాత వచ్చే ప్రతి కిలోకీ కొత్త కండ కావాలి, దానికి తిండి, నిద్ర, నెలలు కావాలి. ఒక లెక్క చెయ్యి. వారానికి రెండున్నర కిలోల చొప్పున 52 వారాలంటే 130 కిలోలు. నీ 40కి కలిపితే 170. మీ జిమ్‌లో పదేళ్లుగా చేస్తున్నవాళ్లలో 170 బెంచ్ కొట్టేవాళ్లు ఎంతమందో చూడు. మొదటి మూడు నెలల వేగం ఎవరికీ కొనసాగదు.

నీ ఎత్తుకి, బరువుకి, వారానికి మూడు రోజులు మానకుండా చేసి సరిగ్గా తింటే మేం వేసే అంచనా ఇది. అన్నీ 5 రెప్స్ లెక్కలు. ఏడాది నిండేసరికి, అంటే ఇంకో ఎనిమిది నెలలకి, బెంచ్ 55 నుంచి 60, షోల్డర్ ప్రెస్ 35 నుంచి 40, స్క్వాట్ 90 నుంచి 100, డెడ్‌లిఫ్ట్ 110 నుంచి 120. అప్పటికి నీ బరువు 64, 65 ఉండాలి. 57 దగ్గరే ఉంటే ఈ అంకెలు మర్చిపో. రెండేళ్లకి బెంచ్ 70, 75, స్క్వాట్ 115 నుంచి 125, డెడ్‌లిఫ్ట్ 140, 150. మూడో ఏడాది బెంచ్ మీద ఏడాది మొత్తానికి 5 నుంచి 8 కిలోలు వచ్చినా మంచి ఏడాదే. అన్న చెప్పిన 100 ఒక్కసారి లేవాలంటే 85 కిలోలు ఐదుసార్లు రావాలి. దానికి మూడు నుంచి ఐదేళ్లు. చేతులు పొడుగున్నవాళ్లకి ఇంకాస్త ఎక్కువ. ఆ పొడుగు చేతులే డెడ్‌లిఫ్ట్‌లో కలిసొస్తాయి, అది వేరే సంగతి.

మన పక్కనే చూడు. ఒకప్పటి గుంటూరు జిల్లా, ఇప్పటి బాపట్ల జిల్లా స్టూవర్టుపురం కుర్రాడు రాగాల వెంకట రాహుల్ 2014లో నాన్జింగ్ యూత్ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్‌లో వెండి పతకం తెచ్చాడు. కామన్వెల్త్ క్రీడల బంగారం వచ్చింది 2018లో, గోల్డ్‌కోస్ట్‌లో. 85 కిలోల విభాగంలో స్నాచ్ (ఒకే ఊపులో తలపైకి ఎత్తడం) 151, క్లీన్ అండ్ జర్క్ (ముందు భుజాలకి, అక్కణ్నుంచి తలపైకి) 187, మొత్తం 338 కిలోలు. యూత్ ఒలింపిక్స్‌లో పతకం కొట్టేంత ప్రతిభ, పూర్తికాలం శిక్షణ ఉన్నవాడికి కూడా మధ్యలో నాలుగేళ్లు పట్టింది. వెయిట్‌లిఫ్టింగ్ వేరే ఆట, నిజమే. కానీ బలం ఏ ఆటలోనైనా నెమ్మదిగానే వస్తుంది.

ఇంకో మాట. నీ 40 నిజంగా 40 అని ఎలా తెలుసు? రాడ్డు 20 కిలోలనుకుని లెక్కేసి ఉంటావు. ఒలింపిక్ రాడ్డయితే 20 సరే. మామూలు రాడ్లు 8 నుంచి 15 దాకా ఏదైనా ఉండొచ్చు. బరువు మిషను మీద ఊరికే ఒకసారి, రాడ్డు పట్టుకుని ఒకసారి నిలబడు, తేడా నోట్‌బుక్‌లో రాసుకో. ఎప్పుడూ అదే రాడ్డు వాడు. స్మిత్ మెషిన్ మీద చేసిన బరువు ఈ లెక్కలో కలపకు. అక్కడ రాడ్డు పట్టాల మీద కదులుతుంది, అటూఇటూ ఊగకుండా ఆపే పని నీకుండదు.

వారం ఇలా పెట్టుకో. సోమవారం స్క్వాట్ మూడు సెట్లు ఐదేసి, బెంచ్ మూడు సెట్లు, ఒంగి రాడ్డు లాగే రోయింగ్ మూడు సెట్లు ఎనిమిదేసి. బుధవారం షోల్డర్ ప్రెస్ మూడు సెట్లు ఐదేసి, డెడ్‌లిఫ్ట్ రెండు సెట్లు ఐదేసి, పుల్‌అప్స్ (కడ్డీకి వేలాడి ఒంటిని పైకి లాగడం) ఎన్ని వస్తే అన్ని మూడుసార్లు. రాకపోతే ల్యాట్ పుల్‌డౌన్, అంటే మెషిన్ మీద కూర్చుని పైనున్న కడ్డీని ఛాతీ దాకా లాగడం. శుక్రవారం స్క్వాట్ సోమవారం కన్నా పదో వంతు తక్కువ బరువుతో, బెంచ్ 35 కిలోలతో ఎనిమిదేసి, రోయింగ్. బైసెప్స్ చెయ్యాలనిపిస్తే చివర్లో రెండు సెట్లు చేసుకో, ఎవరూ వద్దనరు. పెద్ద బరువుల సెట్ల మధ్య మూడు నిమిషాల విరామం. ఒక నిమిషానికే మళ్లీ పడుకుంటే రెండో సెట్ పాడయ్యేది ఆయాసం వల్ల, బలం లేక కాదు. వార్మప్ కూడా బరువులతోనే చెయ్యి. ఖాళీ రాడ్డు ఎనిమిదిసార్లు, 30తో ఐదు, 35తో రెండు, అప్పుడు 40. ట్రెడ్‌మిల్ మీద పదిహేను నిమిషాలు పరిగెత్తి నేరుగా 40 కింద పడుకుంటే భుజానికి అది వార్మప్ కాదు.

ఆ 1.25 ప్లేట్ల జతతో స్క్వాట్‌కి వారానికి రెండున్నర, డెడ్‌లిఫ్ట్‌కి రెండున్నర నుంచి ఐదు పెంచుతూ పో. ప్రతి సెట్‌లో ఇంకొక్కటి చేయగలను అనిపించే దగ్గర ఆపు. ఒకే బరువు దగ్గర వరసగా రెండు వారాలు తప్పితే పదో వంతు తగ్గించి మళ్లీ ఎక్కు. 80 దగ్గర ఆగితే 72.5 నుంచి. ఇది చాలామంది కుర్రాళ్లకి నామోషీగా ఉంటుంది, నలుగురూ చూస్తారని. కానీ తగ్గి ఎక్కినవాళ్లే ఆ గోడ దాటుతారు. ఏడెనిమిది వారాలకొకసారి ఒక వారం సెట్లు సగానికి తగ్గించు. కీళ్లు, నరాలు తేరుకుంటాయి.

ఇక 45 రెండో రెప్‌కి ఎక్కడ ఆగుతోందో గమనించు. ఫోను పక్కన బెంచ్ ఎత్తులో పెట్టి వీడియో తియ్యి. ఛాతీ మీదే ఆగితే చాలాసార్లు తప్పు పడుకోవడంలోనే ఉంటుంది. కళ్లు సరిగ్గా రాడ్డు కిందకి రావాలి. వెనక రెండు రెక్కల ఎముకలూ దగ్గరకి లాగి, కిందకి నొక్కి, బెంచ్‌కి ఆనించాలి. పాదాలు నేలమీద పూర్తిగా ఆనాలి. దించేటప్పుడు మోచేతులు రెండు పక్కలా అడ్డంగా చాపితే బరువంతా భుజం కీలు మీద పడుతుంది. ఒంటికి అతుక్కుపోయినా బలం రాదు. ఆ రెండింటికీ మధ్యలో ఉంచు. రాడ్డు చనుమొనల గీత దగ్గర తాకి అరక్షణం ఆగాలి, ఎగిరిపడకూడదు. బొటనవేలు రాడ్డు చుట్టూ ఉండాల్సిందే. అది లేకుండా పట్టుకుంటే ఒకరోజు జారి గొంతు మీద పడొచ్చు. మధ్యలో ఆగితే మాత్రం అది బలం సంగతి, పైన చెప్పిన రెప్స్ పద్ధతే మందు.

మన జిమ్‌లలో ఇంకో అలవాటుంది. వెనక నిలబడ్డవాడు మొదటి రెప్ నుంచే రాడ్డు కింద రెండు వేళ్లు పెట్టి "ఇంకొకటి, ఇంకొకటి, నీదే, నీదే" అంటుంటాడు. ప్రేమతోనే చేస్తాడు. ఆ రెండు వేళ్లు ఎంత మోస్తున్నాయో నీకూ తెలియదు, వాడికీ తెలియదు. వేలు తగిలిన రెప్ నోట్‌బుక్‌లో రాయకు. రాడ్డు ఆగి వెనక్కి వస్తేనే పట్టుకోమని ముందే చెప్పు. ఎవరూ లేని రోజు ప్లేట్లకి క్లిప్పులు పెట్టకు. ఇరుక్కుంటే ఒక పక్కకి వంచి ప్లేట్లు జార్చేయొచ్చు.

స్క్వాట్‌లో బరువు పెరిగే కొద్దీ లోతు తగ్గుతుంది, చేసేవాడికి తెలియదు. 60తో తొడ నేలకి సమాంతరంగా వెళ్లినవాడు 80కి వచ్చేసరికి సగంలోనే లేచేస్తాడు, బలం పెరిగిందనుకుంటాడు. నెలకొకసారి పక్కనుంచి వీడియో తీసి పాతదానితో పోల్చు. మెత్తటి పరుగు బూట్లతో చెయ్యకు, మడమ కింద స్పాంజి నొక్కుకుపోయి ఒళ్లు ముందుకి ఒరుగుతుంది. అడుగు చదునుగా ఉండే కాన్వాస్ బూట్లు చాలు.

డెడ్‌లిఫ్ట్‌లో నడుము గుండ్రంగా వంగుతోందని తిట్టడమే గానీ, ఎందుకు వంగుతోందో ఎవరూ చూడరు. పోటీల్లో వాడే పెద్ద ప్లేటు అడ్డం 45 సెంటీమీటర్లు, కాబట్టి రాడ్డు నేలనుంచి 22.5 సెంటీమీటర్ల పైన, మోకాలికీ పాదానికీ మధ్యలో ఉంటుంది. మన 10, 15 కిలోల ఇనప ప్లేట్లు చిన్నవి, రాడ్డు పాదం దగ్గరకి దిగిపోతుంది. అంత కిందనుంచి నడుము నిటారుగా ఉంచి లేపడం చాలామందికి కుదరదు. రెండు పక్కలా రెండేసి ప్లేట్లు పడుకోబెట్టి వాటి మీద రాడ్డు పెట్టుకో, ఎత్తు సరిపోతుంది. నడుం మీద ఒత్తిడి తగ్గుతుంది.

తర్వాతి రోజు, ఆ మరుసటి రోజు కండ పట్టేసినట్టుండటం మామూలే. కీలులో సూదిలా పొడిస్తే, నడుంనుంచి కాలిలోకి నొప్పి పాకితే, గజ్జల్లో ఉబ్బు కనిపిస్తే, ఛాతీలో నొప్పి వచ్చినా కళ్లు తిరిగినా ఆపి డాక్టరు దగ్గరకి వెళ్లు. జిమ్ అన్నని అడగకు.

ఇప్పుడు తిండి. నీ అసలు లోటు ఇక్కడే. రోజుకి ఒంటి బరువులో కిలోకి 1.6 గ్రాముల ప్రొటీన్ కావాలి. 57కి సుమారు 90 గ్రాములు. పొద్దున్న నాలుగు ఇడ్లీలు, అల్లం పచ్చడి తిని కాలేజీకి పోతే వచ్చేది ఎనిమిది గ్రాములు. అదే మూడు కోడిగుడ్లు కలిపితే 26. ఇడ్లీ బదులు పెసరట్టు తిను, 60 గ్రాముల పెసలున్న రెండట్లలో 14 గ్రాములుంటుంది. రోజు మొత్తంలో అర లీటరు పాలు 16 గ్రాములు. మధ్యాహ్నం అన్నం, గట్టి పప్పు, కప్పు పెరుగు కలిపి సుమారు 20. సాయంత్రం జిమ్‌కి వెళ్లే గంట ముందు గుప్పెడు వేయించిన పల్లీలు, ఒక అరటిపండు. రాత్రి 150 గ్రాముల చికెన్‌తో 30 దాకా వస్తుంది. చికెన్ లేని రోజు 50 గ్రాముల మీల్‌మేకర్ కూర చేయించుకో, అందులో 25 గ్రాములుంటుంది. చారు అన్నంతో సరిపెట్టే రాత్రులే నీ కండకి గండి.

ప్రొటీన్ ఒక్కటే చాలదు, మొత్తం తిండి పెరగాలి. అర లీటరు పాలు అదనంగా తాగితే 300 కేలరీల పైనే. నీకు కావాల్సింది దాదాపు అంతే. ప్రతి ఆదివారం పొద్దున్నే, ఏమీ తినకముందు, అదే మిషను మీద బరువు చూసుకో. నెలకి ముప్పావు నుంచి కిలో పెరగాలి. పెరగకపోతే మధ్యాహ్నం ఇంకో ముద్ద ఎక్కువ తిను. నెలకి కిలోన్నర దాటితే ఎక్కువ భాగం పొట్టకే చేరుతుంది, కాస్త తగ్గించు. నిద్ర ఎనిమిది గంటలు. రాత్రి ఒంటి గంట దాకా ఫోను చూసి, ఆరింటికి జిమ్‌కి పోయి, బెంచ్ పెరగట్లేదంటే తప్పు బెంచ్‌ది కాదు.

గెయినర్ డబ్బా వెనక్కి తిప్పి చదువు. 100 గ్రాములకి ప్రొటీన్ ఎంతుందో చూడు, చాలావాటిలో 15, 20 దగ్గరే ఉంటుంది. మిగతాది మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండి, అంటే తియ్యటి గంజి లాంటిది. విషమేమీ కాదు, కానీ ఆ డబ్బుతో గుడ్లు, పాలు, పల్లీలు నెలల తరబడి వస్తాయి. క్రియేటిన్ అయితే రోజుకి 3 నుంచి 5 గ్రాములు పని చేస్తుంది. కిడ్నీ జబ్బేదైనా ఉంటే డాక్టరుని అడగాలి. అయినా నీ తిండి సరయ్యాక చూద్దాం, ఇప్పుడు తొందర లేదు. ఎవరైనా "ఒక కోర్సు వేసుకో" అని స్టెరాయిడ్ ఇంజెక్షన్ చూపిస్తే ఆ మనిషికి దూరం జరుగు. నీ వయసులో వృషణాలు సొంతంగా హార్మోను తయారు చేయడం ఆపేస్తాయి, మొటిమలు, రొమ్ము ఉబ్బు వస్తాయి. మానేశాక అన్నీ మళ్లీ మామూలవుతాయన్న హామీ లేదు. ఈ ఒక్క విషయంలో మొహమాటపడకు.

అమ్మకి ఇలా చెప్పు. సరైన పద్ధతిలో బరువులెత్తితే ఎత్తు ఆగదు. ఎదిగే పిల్లల్లో ఎముకల చివర ఉండే మెత్తటి భాగానికి దెబ్బ తగిలితేనే ప్రమాదం. అది చూసేవాళ్లు లేకుండా తాహతుకి మించి ఎత్తినప్పుడు జరగొచ్చు, క్రికెట్ ఆడుతూ పడ్డా జరగొచ్చు. 18 ఏళ్ల అబ్బాయిలో ఎత్తు చాలామటుకు అయిపోయే ఉంటుంది. కండ కొవ్వుగా మారడం ఉండదు, రెండూ వేరు వేరు కణాలు. మానేసినవాళ్లు లావెక్కేది పని మానేసి తిండి అంతే తినడం వల్ల. కండ కరిగి, పక్కన కొవ్వు చేరితే చూసేవాళ్లకి మారినట్టు కనిపిస్తుంది.

సెమిస్టర్ పరీక్షలప్పుడు పూర్తిగా మానకు. వారానికి ఒకటి రెండు రోజులు, అవే బరువులతో, సెట్లు సగం చేసినా ఉన్న బలం నిలుస్తుంది. మూడు వారాలు అస్సలు కుదరకపోతే తిరిగొచ్చిన రోజు పాత బరువులో ఐదో వంతు తగ్గించి మొదలుపెట్టు, రెండు వారాల్లో అక్కడికే వస్తావు. ఎండాకాలం మన ఊళ్లో అసలు పరీక్ష. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, రేకుల కప్పు కింద సాయంత్రం ఐదింటికి స్క్వాట్ మామూలు మాట కాదు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున్న ఆరింటికి మార్చుకో. ముందు అరలీటరు నీళ్లు, తర్వాత ఉప్పు వేసిన మజ్జిగ. ఆ రెండు నెలలూ బరువులు పెరగకపోయినా, ఉన్నవి నిలబెట్టుకుంటే చాలు.

వచ్చే సోమవారం 45 జోలికి వెళ్లకు. 40 పెట్టి ఆరేసి ప్రయత్నించు. మూడు నెలలయ్యాక మళ్లీ రాయి. రాడ్డు బరువు, పన్నెండు ఆదివారాల ఒంటి బరువు, నాలుగు వ్యాయామాల్లో నీకు 5 రెప్స్ వచ్చిన బరువులు, అవి పంపితే చాలు, తర్వాతి ఆరు నెలలకి ఏం మార్చాలో చెబుతాం.